పరుగెత్తితే పడిపోతున్న మా అబ్బాయి: వంశపారంపర్యంగా వచ్చే గుండెదడ గురించి తెలిసినవారు చెప్పండి

కొండపి నాన్న (ప్రకాశం జిల్లా), జూన్ 8

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయికి 9 ఏళ్లు. రెండేళ్లలో మూడుసార్లు స్పృహ తప్పి పడిపోయాడు. మొదటిసారి బడిలో పరుగుపందెంలో గీత దాటకముందే బోర్లా పడ్డాడు. రెండోసారి వేసవి సెలవుల్లో మా పొలంలోని దిగుడుబావిలోకి పిల్లలతో కలిసి దూకి, ఈదుతూ ఈదుతూ మునిగిపోతుంటే మా తమ్ముడు జుట్టు పట్టుకొని పైకి లాగాడు. మూడోసారి వీధికుక్క వెంటపడితే నాలుగు అడుగులు పరుగెత్తి కూలిపోయాడు. పడిన ప్రతిసారీ ముఖం పాలిపోయింది, కాళ్లూ చేతులూ కాసేపు కొట్టుకున్నాయి, రెండు నిమిషాల్లో తనంతట తానే లేచి మంచినీళ్లు అడిగాడు. ఊళ్లోవాళ్లు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు, తాయెత్తు కట్టారు. ఒక ఆసుపత్రిలో మూర్ఛ అని చెప్పడంతో ఏడాదిపాటు ఫిట్స్ మందు వాడాము. తల పరీక్ష, ఇ.సి.జి., ఎకో (గుండె స్కాన్) అన్నీ బాగానే ఉన్నాయని కాగితాలు ఇచ్చారు.

ఇరవై రోజుల క్రితం చెన్నైలో పిల్లల గుండె వైద్యులొకరు ఆ కాగితాలన్నీ పక్కన పెట్టి, పడినప్పుడల్లా వాడు ఏం చేస్తున్నాడో చెప్పమన్నారు. చెప్పాక టి.ఎం.టి. (ట్రెడ్‌మిల్) యంత్రం మీద నడిపిస్తూ గుండె గీతలు చూశారు. వేగం పెరిగేకొద్దీ తెరమీద గీతలు ఒకటి పైకి, ఒకటి కిందికి తిరగబడుతూ వచ్చాయి. వెంటనే యంత్రం ఆపి పడుకోబెట్టగానే మామూలయ్యాయి. ఆయన కాగితం మీద రాసిన పేరు క్యాటకోలమినర్జిక్ పాలీమార్ఫిక్ వెంట్రిక్యులర్ టాకికార్డియా. ప్రొప్రనలాల్ మాత్రలు మొదలుపెట్టారు, జన్యు పరీక్షకు రక్తం తీసుకున్నారు.

నా భార్య మా అక్క కూతురే. ఇది రక్తసంబంధం వల్ల వచ్చి ఉండవచ్చని వైద్యుడు అన్నప్పటి నుంచి ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోవడం లేదు. మాకు 6 ఏళ్ల పాప కూడా ఉంది, తను ఒక్కసారి కూడా పడలేదు. పాపకు పరీక్ష వద్దని, ఆడపిల్లకు ఇలాంటి పేరు వస్తే రేపు పెళ్లి కాదని మా అక్క పట్టుబడుతోంది. అసలు ఈ జబ్బు ఏమిటో, మాత్రలతో ఆగుతుందో లేదో, పాప విషయంలో ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

ఒంగోలు శీను, జూన్ 8

అన్నగారూ, అధైర్యపడకండి. నాకూ కాలేజీ రోజుల్లో ఉన్నట్టుండి గుండె నిమిషానికి 190 సార్లు కొట్టుకునేది. తొడ దగ్గర నుంచి సన్నటి తీగ పంపి, లోపల అడ్డదారిగా ఉన్న చోటును కాల్చివేశారు. అబ్లేషన్ అంటారు. మూడో రోజు ఇంటికి వచ్చాను, ఆ తరువాత ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. మీవాడికీ అదే చేయించండి, ఈ మాత్రల బాధ ఉండదు.

చెరువుగట్టు (నెల్లూరు), జూన్ 8

శీను గారూ, మీకు నయమైనందుకు సంతోషం. కానీ మీ జబ్బు వేరు, ఈ పిల్లవాడి జబ్బు వేరు. నేను గుండె విభాగంలో పనిచేస్తున్న వైద్యుణ్ణి. పిల్లవాణ్ణి చూడకుండా చికిత్స చెప్పను గానీ, జబ్బు స్వభావాన్ని వివరించగలను.

శీను గారికి ఉన్నది పై గదులకూ కింది గదులకూ మధ్య పుట్టుకతో మిగిలిపోయిన ఒక అదనపు దారి. విద్యుత్తు ఆ దారిలో పడి గిరగిర తిరుగుతుంది. దారిని కాలిస్తే తిరగడం ఆగిపోతుంది. కొండపి నాన్న గారి అబ్బాయి గుండెలో కాల్చడానికి అలాంటి దారి ఏదీ లేదు. లోపం కింది గదుల కండరంలోని కణకణంలోనూ ఉంది.

మన జిల్లాల్లో చెరువు తూము చూడనివారు ఉండరు కనుక ఆ పోలికతోనే చెబుతాను. గుండె కణం లోపల కాల్షియం నిలవ ఉండే చిన్న చెరువు ఒకటి ఉంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ చెరువు తూము తెరుచుకుంటుంది, కాల్షియం బయటికి పారుతుంది, కండరం ముడుచుకుంటుంది. తరువాత తూము మూసుకుంటుంది, పారిన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని కణం తిరిగి చెరువులోకే తోడిపోస్తుంది. ఆ తూమే రయనోడిన్ రిసెప్టర్ అనే ప్రోటీను. చెరువులోని కాల్షియాన్ని పట్టి ఉంచుతూ, తూము వేళకాని వేళ తెరుచుకోకుండా కాచే మరో ప్రోటీను ఉంది, దాని పేరు కాల్‌సీక్వెస్ట్రిన్. ఈ రెండింటిలో ఏదో ఒకటి పుట్టుకతోనే సరిగా తయారుకాకపోవడం ఈ జబ్బుకు ప్రధాన కారణం.

పిల్లవాడు కూర్చుని ఉన్నప్పుడు చెరువులో నీటిమట్టం తక్కువ, కాబట్టి బిగువు లేని తూము కూడా కారదు. అందుకే పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి.లో ఏమీ కనబడదు, గుండె ఆకారంలో లోపం లేదు కనుక ఎకోలోనూ కనబడదు. పరుగెత్తినా, భయపడినా, కోపం వచ్చినా, ఆఖరికి సంతోషంతో గెంతినా ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతుంది. అడ్రినలిన్ చెరువును నింపుతుంది, తూమునూ వదులు చేస్తుంది. అప్పుడు రెండు కొట్టుకోవడాల మధ్య, తూము మూసి ఉండవలసిన సమయంలో కాల్షియం కారుతుంది. ఆ కారిన కాల్షియాన్ని కణం బయటికి నెట్టే క్రమంలో పుట్టే చిన్న విద్యుత్తు ఒక వేళకాని గుండెచప్పుడును పుట్టిస్తుంది. గుండె వేగం నిమిషానికి 110, 120 దాటిన దగ్గర నుంచి ఇవి ఒకటొకటిగా మొదలై, వేగం పెరిగేకొద్దీ వరుసకడతాయి. తెరమీద పైకీ కిందికీ తిరగబడిన గీతలు ఈ జబ్బుకు ముఖ్యమైన ఆనవాలు. ఆ వరుస ఇంకా వేగమందుకుంటే గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది, మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతాడు. రక్తం అందకపోతే కాళ్లూ చేతులూ కొట్టుకోవడం సహజం; చూసేవారికి అది అచ్చం మూర్ఛలాగే ఉంటుంది. మూర్ఛ వచ్చినవారు చాలాసేపు మగతగా, అయోమయంగా ఉండటం ఎక్కువగా చూస్తాము. ఈ పిల్లలు త్వరగా తేరుకుంటారు. మీవాడు లేచి మంచినీళ్లు అడిగాడన్న ఒక్క మాటను ఎవరైనా శ్రద్ధగా విని ఉంటే ఏడాది కలిసివచ్చేది.

అయితే ఫిట్స్ మందును మీ అంతట మీరు ఒక్కసారిగా మానివేయకండి. ఎలా తగ్గించాలో చెన్నై వైద్యుణ్ణే అడగండి.

కొండపి నాన్న, జూన్ 9

డాక్టరు గారికి కృతజ్ఞతలు. తూము పోలిక మా నాన్నకు కూడా చదివి వినిపించాను, ఆయన వెంటనే అర్థం చేసుకున్నారు. నీళ్లు తగ్గించి ఉంచడమే మాత్రల పనా అని అడుగుతున్నారు.

చెరువుగట్టు, జూన్ 9

పెద్దాయన సరిగ్గా పట్టుకున్నారు. మీవాడికి ఇచ్చినటువంటి మాత్రలను బీటా బ్లాకర్లు అంటారు. ఇవి అడ్రినలిన్ గుండె మీద పనిచేయకుండా అడ్డుపడతాయి. వీటిలో నాడోలాల్, ప్రొప్రనలాల్ ఈ జబ్బుకు మేలైనవి; రక్తపోటుకు వాడే అటెనలాల్, మెటోప్రొలాల్ ఇక్కడ అంత నమ్మదగినవి కావు. కాబట్టి ఏ షాపులోనైనా ఇదీ అదీ ఒకటేనని వేరే మాత్ర ఇస్తే తీసుకోకండి. మందు మొదలుపెట్టాక మళ్లీ టి.ఎం.టి. చేస్తారు. అప్పటికీ వేళకాని చప్పుళ్లు కనబడితే ఫ్లెకైనైడ్ అనే రెండో మందు చేరుస్తారు. ఈ జబ్బులో అది బాగా పనిచేస్తుందని 2009లో బయటపడింది.

ఉదయగిరి అమ్మ, జూన్ 9

తమ్ముడూ, ఈ జబ్బు నాకూ ఉంది, మా పెద్దబ్బాయికీ ఉంది. పదకొండేళ్లుగా దీనితోనే కాపురం. నా అనుభవంలో డాక్టర్లు చెప్పినా మనం చెవిన పెట్టని సంగతి ఒకటుంది: మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. మా అబ్బాయి ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు మాత్రలు అయిపోయాయి, ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు తెచ్చుకుందాంలే అనుకున్నాడు. శనివారం సాయంత్రం వాలీబాల్ ఆడుతూ పడిపోయాడు. అదృష్టం కొద్దీ అక్కడున్న లెక్చరరుకు ఛాతీ నొక్కడం తెలుసు. ఆ తరువాతే వాడికి ఐ.సి.డి. యంత్రం పెట్టారు, ఒంట్లోనే ఉండి గుండె గతి తప్పితే షాక్ కొట్టే యంత్రం అది. ఇప్పుడు మా ఇంట్లో పదిహేను రోజుల మాత్రలు ఎప్పుడూ అదనంగా ఉంటాయి, నా చేతిసంచిలో ఒక అట్ట, వాడి బ్యాగులో ఒక అట్ట, మా పుట్టింట్లో ఒక అట్ట.

యంత్రం పెట్టించుకుంటే ఇక దిగులు లేదనుకోవద్దు. అది షాక్ కొట్టినప్పుడు కలిగే నొప్పి, భయం మామూలువి కావు. మావాడికి మొదటి షాక్ తగిలిన భయానికే గుండె మళ్లీ గతి తప్పి, వెంటవెంటనే మరో రెండు తగిలాయి. ఆ రాత్రి సంగతి ఇంతకంటే రాయలేను.

చెరువుగట్టు, జూన్ 10

అమ్మా, మీరు రాసింది వైద్యపరంగానూ చాలా ముఖ్యమైన విషయం. షాక్ నొప్పికి అడ్రినలిన్ పెరుగుతుంది, అడ్రినలిన్ పెరిగితే మళ్లీ గతి తప్పుతుంది, యంత్రం మళ్లీ కొడుతుంది. అందుకే ఈ జబ్బులో యంత్రం ఒక్కటే చికిత్స కాదు. గుండె ఆగి బతికి బయటపడినవారికి, మందులు సరిపడా వాడినా పడిపోతున్నవారికి దాన్ని ఆలోచిస్తారు, పెట్టినా మందులు మానరు, తొందరపడి కొట్టకుండా దాన్ని అమరుస్తారు. మరో మార్గం, ఎడమవైపు ఛాతీలో వెన్నెముక పక్కనుంచి గుండెకు వెళ్లి దాన్ని ఉరికించే సింపథెటిక్ నరాల ముడులను కొంతమేర తొలగించే శస్త్రచికిత్స. చిన్న రంధ్రాల ద్వారా చేస్తారు. కొందరికి ఎడమ చేతికి చెమట పట్టకపోవడం, అరుదుగా ఎడమ కనురెప్ప కొద్దిగా వాలడం ఉంటాయి. మందులతో అదుపు కానివారికి ఇది చాలా ఉపకరిస్తుంది.

కావలి నర్సమ్మ (విశ్రాంత స్టాఫ్ నర్సు), జూన్ 10

నాన్నా, ఇంట్లో గుర్తుంచుకోవలసినవి కొన్ని చెబుతాను. పిల్లవాడికి జలుబు, ఆయాసం వచ్చిందని ఆర్.ఎం.పి. దగ్గరికి తీసుకెళితే ముందుగా ఈ జబ్బు పేరున్న కాగితం చూపించండి. ముక్కు దిబ్బడకు ఇచ్చే కొన్ని మాత్రలు, సిరప్పులు, ఆయాసానికి పెట్టే సాల్బుటమాల్ గుండెను పరుగెత్తిస్తాయి. పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు ఇంజక్షన్‌లో అడ్రినలిన్ కలిపి ఉంటుంది, లేనిది వాడమని దంతవైద్యుడికి చెప్పాలి. ఇంకొకటి, ప్రొప్రనలాల్ వాడే చిన్నపిల్లలు ఆహారం లేకుండా ఎక్కువసేపు ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. వాంతులు విరేచనాలై ఏమీ తినలేని రోజున ఆలస్యం చేయకుండా వైద్యుడికి ఫోన్ చేయండి. ఉపవాసాలు, ఒక్కపొద్దులు ఈ పిల్లలకు పెట్టకండి.

పడిపోయి, పిలిచినా పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే తాళంచెవులు వెతకవద్దు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ఛాతీ నడిమధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఆ వయసు పిల్లవాడికి సుమారు 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కుతూనే ఉండాలి. ఇంట్లో అందరూ నేర్చుకోండి. ఒక్క రోజు పని.

ఆత్మకూరు పి.ఇ.టి., జూన్ 10

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఇది చదివాక మనసు కలతపడి రాస్తున్నాను. పదేళ్ల క్రితం నా దగ్గర ఒక అమ్మాయి పరుగులో రెండుసార్లు పడిపోయింది. ఎండదెబ్బ అని, ఉదయం ఏమీ తినకుండా వచ్చిందని నేనే తీర్మానించి గ్లూకోజు నీళ్లు తాగించి పంపాను. తరువాత వాళ్లు ఊరు మారారు. ఆ అమ్మాయికి ఈ జబ్బు ఉందని నేను అనడం లేదు, కానీ పరుగు మధ్యలో పడిన పిల్లనూ, ప్రార్థనలో ఎక్కువసేపు నిలబడి కళ్లు తిరిగి కూర్చుండిపోయిన పిల్లనూ ఒకే గాటన కట్టకూడదని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. డాక్టరు గారూ, ఇలాంటి పిల్లలను మేము ఆటలకు పూర్తిగా దూరం పెట్టాలా? అలా కూర్చోబెడితే పిల్లవాడు కుంగిపోతాడు.

చెరువుగట్టు, జూన్ 11

మాస్టారూ, మీరు చెప్పిన తేడా చాలా విలువైనది. నిలబడి నిలబడి కళ్లు తిరగడం చాలావరకు ప్రమాదం లేనిది. పరుగు మధ్యలోనో, ఈతలోనో, భయంతోనో ఒక్కసారిగా కూలిపోవడం ఎప్పుడూ గుండె పరీక్ష కోరుతుంది. ఇక ఆటల సంగతి. పోటీ పరుగులు, కబడ్డీ, ఈత వద్దు. నడక, తన పాటికి తాను ఆడే చిన్న ఆటలకు ఎంతవరకు అనుమతించాలో మందు వాడుతుండగా చేసిన టి.ఎం.టి. చూసి వైద్యుడు చెబుతారు. స్కోరు రాయడం, విజిల్ వేయడం వంటి పనులు అప్పగించండి.

కొండపి నాన్న, జూన్ 12

మరో చిక్కు వచ్చింది. పిల్లవాణ్ణి మాలకొండ గుడి మెట్లెక్కిస్తానని మా అక్క మొక్కుకుంది. వచ్చే శనివారమే వెళదామంటోంది. నేను వద్దంటే దేవుడి పని కూడా వద్దంటావా అని కన్నీళ్లు పెట్టుకుంది.

ఉదయగిరి అమ్మ, జూన్ 12

బిడ్డను వాహనంలో పైకి తీసుకెళ్లండి, మెట్లు మీ అక్కగారు ఎక్కుతారు. మొక్కుకున్నది ఆమే కదా. మా అత్తగారి విషయంలో నేను అలాగే ఒప్పించాను.

వేదిక నిర్వాహకుడు, జూన్ 12

ఇద్దరు సభ్యులు మందుల మోతాదులు రాశారు, వాటిని తొలగించాను. మోతాదు బరువును బట్టి, టి.ఎం.టి. ఫలితాన్ని బట్టి మారుతుంది. దయచేసి ఇక్కడ రాయవద్దు.

చెరువుగట్టు, జూన్ 13

పాప గురించి అడిగిన ప్రశ్న మిగిలిపోయింది. ఈ జబ్బును 1978లో ఫ్రాన్స్ వైద్యుడు కూమెల్ బృందం నలుగురు పిల్లల్లో వర్ణించింది. జన్యుమూలం 2001లో తెలిసింది. తూముకు సంబంధించిన జన్యువులో లోపముంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టడమూ ఉంది. కాల్‌సీక్వెస్ట్రిన్ లోపం సాధారణంగా అలా కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఆ జన్యువుకు రెండు లోపపు ప్రతులూ (నకళ్లు) చేరితేనే జబ్బు వస్తుంది. ఒక్క ప్రతి ఉన్నవారు చాలావరకు ఆరోగ్యంగానే ఉంటారు, తమలో ఉన్నట్టు వారికే తెలియదు. దీన్ని మొదట గుర్తించింది కూడా ఉత్తర ఇజ్రాయెల్‌లో దగ్గరి బంధువులను పెళ్లాడే బెడూయిన్ కుటుంబాల్లోనే.

మేనరికాల్లో జరిగేది ఇదే. మీ అమ్మానాన్నల్లో ఒకరి దగ్గరున్న ఒక ప్రతి మీకూ వచ్చి, మీ అక్కగారికీ వచ్చి, ఆమె ద్వారా మీ శ్రీమతికి చేరి ఉంటే, మీ పిల్లల్లో రెండూ కలిసే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు. ఇందులో ఆమె వైపు, మీ వైపు అనేవే లేవు, రెండూ ఒకే ఇల్లు. ఎవరు తెచ్చారన్న మాటకు అర్థం లేదు.

పాప పడలేదు కనుక పరీక్ష అవసరం లేదనడం పొరపాటు. ఈ జబ్బులో మొదటి లక్షణమే ఆఖరిది అయ్యే ప్రమాదం ఉంది. పరీక్షలో లేదని తేలితే దిగులు పోతుంది, ఉందని తేలితే మాత్రతో కాపాడుకోవచ్చు. పెళ్లి మాట పదిహేనేళ్ల తరువాతి సంగతి.

కొండపి నాన్న, ఆగస్టు 2

ఆలస్యానికి మన్నించండి. ఫలితాలు వచ్చాయి. అబ్బాయికి కాల్‌సీక్వెస్ట్రిన్ జన్యువులో రెండు ప్రతులూ లోపంతో ఉన్నాయి. నాకూ నా భార్యకూ ఒక్కొక్కటి. పాపకు ఒక్కటే ఉంది, టి.ఎం.టి. మామూలుగా ఉంది, అప్పుడప్పుడు చూపించుకుంటే చాలన్నారు. అబ్బాయికి మందు వేశాక చేసిన పరీక్షలో ఇంకా కొన్ని చప్పుళ్లు కనబడటంతో ఫ్లెకైనైడ్ కూడా ఇచ్చారు. పోయిన వారం మళ్లీ చేస్తే ఒక్కటీ రాలేదు. మూర్ఛ మందు మెల్లగా తగ్గించి ఆపించారు. బడిలో హెడ్మాస్టరు గారికి కాగితం ఇచ్చాము. మాలకొండ మెట్లు మా అక్కే ఎక్కింది.

నాన్న పంచాంగం కాలెండరులో పూటపూటకూ మాత్ర వేసిన గుర్తు పెడుతున్నారు. దిగుడుబావికి ఇనుప జాలీ వేయించాము.

చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది. మా తమ్ముడి కూతురిని మా అక్క కొడుక్కి ఇవ్వాలని ఏడాది నుంచి అనుకుంటున్నారు, మాట ఇంచుమించు ఖాయమైంది. డాక్టరు గారు జూన్ 13న రాసిన సందేశాన్ని ఇద్దరి ఇళ్లలోనూ చదివి వినిపించాను. మొదట మా తమ్ముడు ముఖం తిప్పుకున్నాడు. బావిలోంచి జుట్టు పట్టుకొని బిడ్డను పైకి లాగింది వాడే కదా, రెండు రోజుల తరువాత వాడే ఫోన్ చేసి రక్తం ఎక్కడ ఇవ్వాలని అడిగాడు. పిల్లలిద్దరూ సోమవారం ఒంగోలు వస్తున్నారు.